మోసపోయినవాడి పాటకి డాన్సెందుకు? బచాటాలో ప్రేమ, ద్రోహం, బాకీల లెక్క

హైదరాబాద్‌లో శుక్రవారం సాయంత్రం లాటిన్ డాన్స్ నేర్పే స్టూడియో ఏదైనా మెట్లెక్కి చూడండి. గోడంతా అద్దం. దాని ముందు రెండు వరుసల్లో, ఆఫీసు బ్యాగులు మూలన పడేసి వచ్చిన కుర్రాళ్ళూ అమ్మాయిలూ. మాస్టారు 'వన్, టూ, త్రీ, ట్యాప్' అని లెక్కపెడుతుంటాడు. స్పీకర్లోంచి ఒక మగ గొంతు, జలుబు చేసినవాడిలా ముక్కుతో ఏడుస్తూ, నన్ను నట్టేట ముంచి పోయావు, ఇక నాకు సీసాయే దిక్కు అని మొత్తుకుంటూ ఉంటుంది. అడుగులేసేవాళ్ళు మాత్రం చక్కగా నవ్వుతుంటారు.

వాళ్ళ తప్పేం లేదు, వాళ్ళకి స్పానిష్ రాదు. విచిత్రం ఏంటంటే, ఈ బచాటా పాటలు పుట్టిన, స్పానిష్ తల్లి భాషగా ఉన్న కరీబియన్ దేశం డొమినికన్ రిపబ్లిక్‌లోనూ జనం ఆ పాటలకి ఇలాగే నవ్వుతూ ఆడతారు. పాటేమో ఏడుస్తోంది, కాళ్ళేమో ఆడుతున్నాయి. ఈ ముడి విప్పాలంటే ముందు ఆ పాట ఎక్కడ పుట్టిందో, అందులో 'ద్రోహం' అనే మాటకి అర్థం ఏమిటో చూడాలి.

'ట్రాపికల్' రాగం పేరు కాదు, అల్మారా పేరు

స్ట్రీమింగ్ యాప్‌లో బచాటా పాట వెతికితే పక్కన 'ట్రాపికల్' అని కనిపిస్తుంది. అదొక సంగీత పద్ధతి అనుకుంటే పొరబాటే. అమెరికా రికార్డు వ్యాపారం తన సౌకర్యం కోసం కట్టుకున్న అల్మారా అది. కరీబియన్ దీవుల వైపు నుంచి వచ్చే స్పానిష్ డాన్స్ పాటలు, అంటే సల్సా, మెరెంగె, బచాటా లాంటివి, అన్నీ అందులోనే పడతాయి. గ్రామీ అవార్డుల్లో కూడా ఆ పేరుతో విభాగం ఉంది. సల్సాకి మూలం క్యూబా లయల్లో ఉంది, దాన్ని పెంచి పెద్దచేసింది న్యూయార్క్. మెరెంగె, బచాటా రెండూ డొమినికన్ రిపబ్లిక్‌వే, అయినా వాటి పుట్టుకలకి పొంతన లేదు. 'ట్రాపికల్' అన్న మాటలో కొబ్బరి చెట్లు, సముద్రపు గాలి వినిపిస్తాయి. బచాటా పెరిగింది అలాంటి చోట కాదు.

నియంత చచ్చాకే రికార్డయిన పాట

రఫాయెల్ త్రుహీయో 1930 నుంచి డొమినికన్ రిపబ్లిక్‌ని గుప్పిట్లో పెట్టుకుని ఏలాడు. అతనికి మెరెంగె ఇష్టం. దాన్నే దేశపు సంగీతంగా నిలబెట్టాడు. పెద్ద రేడియో కేంద్రం అతని సోదరుడి చేతిలో ఉండేది కాబట్టి ఎవరి గొంతు వినపడాలో ఆ కుటుంబమే తేల్చేది. ఊళ్ళలో పెరట్లో గిటార్ మీటుకుంటూ పాడుకునేవాళ్ళకి రికార్డింగ్ గది అందని ద్రాక్షే. 1961 మే 30న త్రుహీయో హత్యకి గురయ్యాడు. మరుసటి ఏడు, 1962లో, హోసే మాన్యుయెల్ కాల్దెరోన్ అనే గాయకుడు గిటార్ పాటలు రికార్డు చేశాడు. మొదటి బచాటా రికార్డులుగా ఇవాళ అందరూ చెప్పేది వాటినే.

ఆ రోజుల్లో వాటిని బచాటా అనేవాళ్ళు కారు. అవి బొలేరోలు. బొలేరో క్యూబాలోని సాంతియాగోలో పందొమ్మిదో శతాబ్దం చివర పుట్టి, మెక్సికో గిటార్ త్రయాల మీదుగా ఖండమంతా పాకిన ప్రేమగీతం. 'బచాటా' అప్పట్లో అసలు పాట పేరే కాదు. పెరట్లో పదిమంది చేరి, రమ్ము పోసుకుని, గిటార్ మోగించుకునే విందుకి ఆ పేరు. తరవాత పట్నంలో చదువుకున్నవాళ్ళు ఈ పాటల్ని 'ఆ బచాటా గోల' అని ఈసడించడం మొదలుపెట్టారు, పేరు అలా అంటుకుపోయింది. పాడేవాళ్ళు మాత్రం చాలాకాలం దాన్ని ఒప్పుకోలేదు. మాది 'మూసికా దె అమార్గె', చేదు సంగీతం, అనేవాళ్ళు.

నియంత పోయాక పల్లెల నుంచి జనం రాజధాని సాంతో దొమింగోకి పోటెత్తారు. పొలం పని తప్ప మరోటి తెలియని మగవాళ్ళకి పట్నంలో దొరికింది రోజుకూలీ, అదీ దొరికిన రోజున. ఆడవాళ్ళకి ఇళ్ళలో పని దొరికింది. తరవాతి దశాబ్దాల్లో ఎగుమతుల ఫ్యాక్టరీల్లో కుట్టుపనీ దొరికింది. ఈ తేడా ఎందుకు ముఖ్యమో కిందికి వచ్చాక తెలుస్తుంది.

పాట వినపడిన చోట్లు మూడు. బార్లు, వాటి వెనక గదులున్న బార్లు కూడా కలిపి. నాణెం వేస్తే పాట పాడే 'వెయొనేరా' పెట్టెలు. వీధి మలుపులో ఉండే 'కొల్మాదో' కొట్లు. కొల్మాదో అంటే మన కిరాణా కొట్టే, కాకపోతే చల్లని బీరూ, బయట నాలుగు కుర్చీలూ, పెద్ద స్పీకరూ కూడా ఉంటాయి. రేడియోల్లో ఈ పాటల్ని దగ్గరికి తీసినది ముఖ్యంగా ఒక్కటే, రదమేస్ అరసేనా నడిపిన రేడియో గ్వారచీతా. పాటల మధ్యలో ఆ స్టేషన్ పల్లెల్లో ఉన్నవాళ్ళకి కబుర్లు చదివేది: ఫలానా వాళ్ళమ్మకి ఒంట్లో బాలేదు, కొడుకు వెంటనే రావాలి అని. ఇల్లు వదిలి వచ్చినవాడికి ఆ కబురూ ఆ పాటా ఒకే గొట్టంలోంచి వచ్చేవి. విడిపోవడం గురించిన పాటలు అంతగా ఎందుకు పట్టుకున్నాయో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఆధారం కనపడలేదు.

ఒక్క 'మోసం'కి ఎన్ని మాటలో

స్పానిష్ పాటల్లో తెలుగులో 'మోసం' అని మనం ఒక్క మాటతో సరిపెట్టేసేదానికి నాలుగైదు మెట్లుంటాయి. అవి కలిపేస్తే పాట అర్థం కాదు.

'ఎంగాన్యో' అంటే మాయచేయడం. ఇంకొకరితో తిరుగుతూ లేనట్టు నటించడం. 'త్రాయిసియోన్' అంతకన్నా బరువైన మాట. దేశద్రోహానికీ, మిత్రద్రోహానికీ కూడా అదే వాడతారు. కాబట్టి ప్రియురాలిని ఆ మాట అన్నాడంటే తమ మధ్య ఒక ఒడంబడిక ఉందని అతను ముందే తీర్మానించేసుకున్నాడన్నమాట. 'దెసెంగాన్యో' ఇంకా చిత్రమైనది. ముక్కకి ముక్క విడగొడితే 'మాయ వీడటం'. మోసం జరిగిన రోజు వేరు, తెలిసిన రోజు వేరు; ఈ మాట రెండోదాని బాధకి. 'దెస్పేచో' అంటే తోసేయబడ్డవాడి కచ్చ, సగం ఏడుపు సగం పంతం. వీటన్నిటి మీదా పొరలా పేరుకునే రుచి 'అమార్గె', చేదు. అది సంఘటన కాదు, తరవాత నాలుక మీద మిగిలేది.

వీటికి తోడు డొమినికన్ పాటల్లో పదేపదే వినపడే మాట ఇంకొకటుంది: 'మే పగాస్తె మాల్'. నాకు చెడుగా చెల్లించావు అని. ప్రేమని అప్పుగా ఇచ్చినట్టు, ఆమె దొంగనోట్లతో తీర్చినట్టు. కొల్మాదోలో 'ఫియావో' అంటే ఖాతా మీద అరువు, నెలాఖరుకి చెల్లు. అరువు మీద బతికే వీధుల్లో ప్రేమ భాష కూడా బాకీల భాషే కావడంలో వింతేముంది!

ఒక పాట విప్పి చూద్దాం

నిజం పాటల్లోంచి చరణాలు ఎత్తకుండా, ఆ అచ్చులోనే నేను కట్టిన నమూనా ఒకటి ఇస్తున్నాను. ఇది ఎవరి పాటా కాదు.

*సీసా ఇంకోటి తియ్యన్నా, ఖాతాలో రాసుకో,*
*నా పేరు మీద కాదు, ఆమె పేరు మీద రాసుకో.*

*రెండేళ్ళు నీ గుమ్మానికి నీళ్ళు మోశాను, కృతఘ్నురాలా,*
*తలుపు మాత్రం మరొకడికి తీశావు.*

*పోతే పో. నీ పేరు కూడా మరిచిపోయాను.*
*నీ వీధి పేరు ఎవరూ ఎత్తకండి, కాళ్ళు వాటంతటవే లేస్తాయి.*

మొదటి చరణంలో అతను మాట్లాడేది కొట్టువాడితో. 'ఆమె' ఎక్కడో దూరంగా ఉంది. రెండో చరణానికి చెప్పాపెట్టకుండా 'ఆమె' కాస్తా 'నువ్వు' అయిపోయింది. ఆమె అక్కడికి రాలేదు. సీసా సగమయ్యేసరికి ఎదురుగా కూర్చున్నట్టు కనిపించింది, అంతే. మూడో చరణంలో మళ్ళీ జనంతో: 'ఎవరూ ఎత్తకండి'. మరిచానన్నవాడే కాళ్ళు లేస్తాయంటున్నాడు. చాలా బచాటాలు ఈ ఊగిసలాట మీదే నడుస్తాయి. కథ ముందుకి కదలదు, మాట ఎవరితో అన్నది మాత్రం మారుతూ పోతుంది.

'కృతఘ్నురాలా' అన్నచోట స్పానిష్‌లో 'ఇంగ్రాతా' ఉంటుంది. చివరి అచ్చు 'ఆ' కాబట్టి ఆడమనిషి. మగవాడైతే 'ఇంగ్రాతో'. తెలుగులో 'నువ్వు తలుపు తీశావు' అంటే ఎదుట ఉన్నది ఆడో మగో తెలీదు. స్పానిష్‌లోనూ క్రియ చెప్పదు కానీ, తిట్టు చెప్పేస్తుంది. అందుకే గాయని ఆ పాట ఎత్తుకుంటే ఒక్క అచ్చు మారిస్తే చాలు, ముద్దాయి మారిపోతాడు.

ఇంకో సంగతి చూడండి. రెండేళ్ళు నీళ్ళు మోశానన్నాడు సరే, ఆమె అతన్ని ప్రేమించిందని పాటలో ఎక్కడైనా ఉందా? మాటిచ్చిందనైనా ఉందా? నీళ్ళు మోయమని అడిగిందా? ఏమీ లేదు. మన కోర్టుల్లో ప్రతివాది హాజరు కాకపోతే ఎక్స్‌పార్టీ తీర్పిస్తారే, ఇదీ అలాంటిదే. ద్రోహం అన్న మాట ఇక్కడ జరిగిన దానికి వర్ణన కాదు, వాది వేసిన దావా.

క్షేత్రయ్య పదాలు వినేవాళ్ళకి ఇక్కడ ఒక తేడా తట్టకపోదు. చుట్టరికం ఏమీ లేదు, పోలికే. అక్కడ ఖండిత నాయిక, అంటే రాత్రి మరొకరి దగ్గర గడిపి వచ్చిన ప్రియుడి మీద మండిపడే ఆమె, నిలదీస్తుంటే నాయకుడు తెల్లారి గుమ్మంలోనే నిలబడి ఉంటాడు, రుజువులు అతని ఒంటి మీదే ఉంటాయి. బచాటాలో ముద్దాయీ లేదు, రుజువూ లేదు, ఉన్నది వినేవాళ్ళు. పక్క బల్ల దగ్గర కూర్చున్న మగవాళ్ళు.

ఏడుపు పాటకి అడుగులెలా కుదిరాయి

వాయిద్యాల వైపు వెళ్తే ముడి కొంత వదులవుతుంది. బచాటా బృందంలో 'రెకింతో' అనే ప్రధాన గిటార్ గాయకుడి ప్రతి మాటకీ జవాబిస్తూ తీగ తెగినట్టు ఏడుస్తుంది. రెండో గిటార్ లయ పట్టుకుంటుంది. బేస్ గిటార్, చేత్తో వాయించే జంట డ్రమ్ములు బొంగో ఉంటాయి. 'గ్వీరా' అనేది కొబ్బరి కోరులా గరుకుగా ఉండే లోహపు గొట్టం, దాన్ని పుల్లలతో గీకుతుంటే చరచరమని ఆగకుండా మోగుతుంది. మొదట్లో గ్వీరా బదులు మరాకాస్ గిలకలే ఉండేవి, పాట బొలేరోలా నింపాదిగా సాగేది. 1987లో బ్లాస్ దురాన్ ఎలక్ట్రిక్ గిటార్‌తో రికార్డు చేశాక వేగం పెరిగింది, గ్వీరా స్థిరపడింది. ఆ దశాబ్దంలో ద్వంద్వార్థాల పాటలు కూడా వెల్లువెత్తాయి.

వాద్యగాళ్ళు పాటని మూడు నడకలుగా చెప్పుకుంటారు. చరణానికి 'దెరేచో', తిన్నని నడక. పల్లవికి 'మహావో', దంచుడు. మాటలు ఆగిపోయి గిటార్ ఒక్కటే చెలరేగే చోటికి 'మాంబో'. అడుగు లెక్క నాలుగు: మూడు అడుగులు, నాలుగోదానికి కాలి తట్టు, నడుం ఊపు. బొంగో కూడా ఆ నాలుగో చోట బరువు పెడుతుంది.

మన నమూనా పాటని దీనికి అతికించి చూడండి. 'సీసా తియ్యన్నా' దెరేచోలో. జంటలు దగ్గరగా, చిన్న అడుగులతో ఉంటారు. పల్లవిగా 'చెడుగా చెల్లించావు' లాంటి మాట ఒకటి పెట్టుకుంటే, అది వచ్చేసరికి బొంగో దంచుతుంది. 'కాళ్ళు లేస్తాయి' అన్న మాట అయ్యీ అవ్వగానే మాంబో. మాటల్లో చెప్పాల్సిందంతా అయిపోయింది, ఇక పాట పాదాలకి అప్పగించేసింది. దుఃఖానికో చోటు, ఒంటికో చోటు అని పాట కట్టుబడిలోనే వాటాలేసి ఉన్నాయి. ఆడేవాళ్ళు మాటలు మరిచిపోయి నవ్వుతున్నారన్నది సగమే నిజం. నవ్వడానికి పాటే వాళ్ళకి జాగా వదిలింది.

చేదు తగ్గించి పంచిపెట్టినవాళ్ళు

1980లలో లూయిస్ సెగూరా లాంటి గాయకుల రికార్డులు బాగా అమ్ముడవుతున్నా పెద్దింటి రేడియోలు వాటిని దగ్గరికి రానివ్వలేదు. తలుపు తెరిచింది బయటివాడు. హువాన్ లూయిస్ గెర్రా బోస్టన్‌లో సంగీతం చదువుకున్న మధ్యతరగతి మనిషి. అతని 'బచాటా రోసా' ఆల్బమ్ 1990లో వచ్చి లక్షల్లో అమ్ముడై, 1992లో ట్రాపికల్ విభాగంలో గ్రామీ తెచ్చుకుంది. పేరులోనే గులాబి ఉంది. అందులో ప్రేమ ఉంది, కవిత్వం ఉంది, బార్ బల్ల మీద తల వాల్చినవాడు లేడు.

అప్పటి నుంచీ ఒక పాత తగాదా నడుస్తోంది. చేదు లేకపోతే అది బచాటా ఎలా అవుతుందని ఒక వర్గం. పెరటి విందుగా మొదలైనదాన్ని ఏడుపుకే ఎందుకు కట్టేయాలని ఇంకో వర్గం. రెండో వాదనలో పస ఉంది. కానీ ఆ చేదు పాటలు పాడినందుకు ముప్పై ఏళ్ళు చీదరించుకోబడినవాళ్ళు ఉండగా, చేదు తీసేశాకే అందరికీ రుచించిందంటే వాళ్ళకి మండదా మరి. 2019లో యునెస్కో డొమినికన్ బచాటా సంగీతాన్నీ నాట్యాన్నీ కలిపి మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. మన స్టూడియోల్లో ఎక్కువగా కనిపించే ఒళ్ళు అలల్లా తిప్పే 'సెన్సువల్' పద్ధతి మాత్రం డొమినికన్ వీధుల్లోది కాదు, స్పెయిన్‌లోని కాదిస్ వైపు ఈ శతాబ్దంలో రూపు దిద్దుకున్నది.

ఆడదాని మీద నేరం మోపడమేనా?

విమర్శకులు అడిగే అసలు ప్రశ్న ఇది. పాత బచాటాల్లో ఆమె కృతఘ్నురాలు, అబద్ధాలకోరు, చెడిపోయింది. అతను ఎప్పుడూ అమాయకుడే. ఇది ఉత్త స్త్రీద్వేషం అనేవాళ్ళకి పాటల నిండా సాక్ష్యం దొరుకుతుంది.

సామాజిక చరిత్ర వైపు నుంచి చూసేవాళ్ళు ఇంకో లోతు చూపిస్తారు. అమెరికన్ పరిశోధకురాలు దెబోరా పసీని ఎర్నాందేస్ 1995లో బచాటా సామాజిక చరిత్ర మీద పుస్తకం తెచ్చింది. పల్లె కట్టుబాట్లు తెగి, పట్నపు మురికివాడలో బతుకు తలకిందులైన పేద మగవాడి అవమానం ఈ పాటల్లో ఆడవాళ్ళ మీద అపనమ్మకంగా బయటపడిందని ఈ వైపు వాదన. పైన చెప్పుకున్న తేడా ఇక్కడ పనికొస్తుంది: అతనికి పని లేదు, ఆమెకి ఉంది. జీతం తెచ్చే ఆడమనిషి ఉండాలా పోవాలా అని తనే తేల్చుకోగలదు. కూలి దొరకని కోపాన్ని గుత్తేదారు మీద పాడితే వినేవాడు లేడు, ఇంగ్రాతా మీద పాడితే వెయొనేరాలో నాణేలు పడతాయి.

మూడో మాట అనేవాళ్ళూ ఉన్నారు: మరీ అంత తవ్వకండి, ఇదంతా బొలేరో నుంచి, మెక్సికో రాంచేరా పాటల నుంచి వచ్చిన మూస అని. అదీ కొట్టిపారేయలేం. కాకపోతే మూస వచ్చిందని చెబితే, ఆ మూసే అంత గట్టిగా ఎందుకు అతుక్కుందో చెప్పినట్టు కాదు. నాకైతే రెండో వివరణ మొదటి ఆరోపణని కొట్టేసినట్టు అనిపించదు. కోపం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసినంత మాత్రాన అది పడిన చోటు మారదు కదా.

అయితే ఆడగొంతులు బొత్తిగా లేవనుకుంటే తప్పు. 1960లలోనే మేలిదా రొద్రిగేస్ బార్లో బతికే ఆడమనిషి వైపు నుంచి, సంజాయిషీ ఇచ్చుకోకుండా పాడింది. తరవాత అరీదియా వెంతూరా వచ్చింది. ఆమెకి వచ్చిన బిరుదు 'లా వెర్దూగా', అంటే తలారి, అదీ స్త్రీలింగంలో.

ఇక 2002లో వచ్చిన పాట ఒకటి. న్యూయార్క్ బ్రాంక్స్‌లో పెరిగిన డొమినికన్ కుర్రాళ్ళ బృందం అవెంతూరా పాట 'ఒబ్సెసియోన్' తరవాతి ఏళ్ళలో ఇటలీ, ఫ్రాన్స్‌లలో మొదటి స్థానానికి ఎక్కింది. మన డాన్స్ క్లాసుల దాకా బచాటాని మోసుకొచ్చిన పాటల్లో అదొకటి. తెల్లవారుజామున నిద్ర పట్టక ఆమెనే తలుచుకుంటున్నానని అతను మొదలుపెడతాడు. నలభై ఏళ్ళుగా ఖాళీగా ఉన్న బోనులోంచి పల్లవిలో ఒక ఆడగొంతు లేచి జవాబు చెబుతుంది: కాదు, ఇది ప్రేమ కాదు, నీకున్నది పిచ్చి పట్టుదల అని. అతను మాత్రం ఆగడు. స్నేహితులకి తన గోడు విని విని విసుగొచ్చి దూరమయ్యారని, సాయపడతాడేమోనని మానసిక వైద్యుడి దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నానని చెబుతాడు. పాత పాటలో అయితే ఆ చోట సీసా ఉండేది.